పాలకొల్లులో ఇల్లు కొన్నాం: హోమ్ లోన్ కాగితాలతో ఐదు నెలలు, నా అనుభవం

2025 జూన్ 14 శనివారం సాయంత్రం ఈ ఇల్లు మొదటిసారి చూశాం. పాలకొల్లు ఊరి చివర, మూడు సెంట్ల స్థలం, కింద పోర్షన్ ఒక్కటే, కట్టి పన్నెండేళ్లయిందట, వెనక రెండు కొబ్బరి చెట్లు, ఒక రేకుల షెడ్డు. నేను భీమవరంలో ఒక కాలేజీ ఆఫీసులో చేస్తాను, మా ఆయన రొయ్యల చెరువుల ఏరేటర్లు రిపేరు చేస్తారు, సొంత షాపు. పదకొండేళ్లుగా అద్దె ఇళ్లే, అందులో మూడు ఇళ్లు ఓనర్లు ఉన్నపళంగా ఖాళీ చేయమంటే సర్దుకుని వెళ్లినవి, అందుకని ఆ ఇంట్లో అడుగు పెట్టగానే నాకైతే మనసు అక్కడే ఆగిపోయింది.

బేరం 39 లక్షల 50 వేలకి కుదిరింది. 26 నుంచి ఆషాఢం, ఈలోపే అయిపోవాలని 22 ఆదివారం 2 లక్షలు అడ్వాన్సిచ్చి అగ్రిమెంటు రాసుకుందామని కూర్చున్నాం. అక్కడే మొదటి చిక్కు. ఓనరు గారు "డాక్యుమెంటు 24 లక్షలకే రాయిద్దామండి, మిగతాది చేతికిచ్చెయ్యండి, మీకూ రిజిస్ట్రేషన్ ఖర్చు కలిసొస్తుంది" అన్నారు. మాకూ మొదట బాగానే అనిపించింది. రిజిస్ట్రేషన్‌కి స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి ఏడున్నర శాతం, 24 లక్షల మీద అయితే లక్షా 80 వేలు, 40 లక్షల మీద అయితే 3 లక్షలు. కానీ లోన్ ఇచ్చేవాళ్లు చూసేది డాక్యుమెంట్లో ఉన్న రేటే, 24 లక్షల డాక్యుమెంటుకి ఎంత గట్టిగా ఇచ్చినా 90 శాతం, అంటే 21 లక్షల 60 వేలు, మరి మిగతా 18 లక్షలు నగదు మేమెక్కణ్ణుంచి తెస్తాం. పైగా స్థలాలు ఇళ్ల విషయంలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకోవడం ఇన్‌కమ్ టాక్స్ వాళ్ల రూల్ ప్రకారం తప్పు, అది తెలిశాక నాకు భయమేసింది. రెండు గంటలు మాట్లాడుకున్నాక ఆయనకి పన్ను పడుతుందని ఇంకో 50 వేలు కలిపి మొత్తం 40 లక్షలకి, రూపాయి దాపరికం లేకుండా డాక్యుమెంటు రాసేలా ఒప్పుకున్నారు. అలా మాకు లక్షా 70 వేలు ఎక్కువైంది, అయినా లోన్‌తో కొనేవాళ్లకి వేరే దారి లేదు.

లోన్ 28 లక్షలు కావాలనుకున్నాం. మిగతా 12 లక్షలూ, రిజిస్ట్రేషన్ ఖర్చూ మాది. డిపాజిట్ ఒకటి తీశాం, చీటీ పాడాం, నా గాజులు బ్యాంకులో పెట్టాం, మా నాన్న మూడున్నర లక్షలిచ్చారు.

నాన్న గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఈ కథంతా ఆయన అడిగిన ప్రశ్నల మీదే నడిచింది. ఆచంట దగ్గర మాది వ్యవసాయం. ఆయనకి వడ్డీ అంటే నూటికి నెలకి ఎంత అన్నదే లెక్క, రూపాయి వడ్డీ, రూపాయిన్నర వడ్డీ, రెండు రూపాయల వడ్డీ. శాతాలు చెబితే వినరు. "పైసల్లో చెప్పమ్మా" అంటారు. ఎనిమిది శాతం అంటే పన్నెండుతో భాగిస్తే నూటికి అరవై ఏడు పైసలు. అలా చెప్పగానే "రూపాయి లోపే, పర్లేదు" అన్నారు, కానీ వెంటనే రెండు ప్రశ్నలు వేశారు. ఒకటి, కట్టేకొద్దీ అసలు తగ్గుతుందా లేక మొదటి అసలు మీదే చివరిదాకా వడ్డీ వేస్తారా. రెండోది, వడ్డీ నోటు రాసిన రోజు నుంచా, డబ్బు చేతికొచ్చిన రోజు నుంచా. మొదటిదానికి జవాబు చెప్పాను, తగ్గుతుంది నాన్నా, మిగిలిన అసలు మీదే వడ్డీ అని. రెండోది అప్పుడు నేను పట్టించుకోలేదు. అదే నవంబరులో మా మెడకి చుట్టుకుంది.

జూన్ 20నే ఒక ఏజెంటు ద్వారా ఒక హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలో అప్లై చేశాం. మా ఆయన సంపాదనకి రెండేళ్ల ఐటీ రిటర్నులే ఉన్నాయి, షాపులో వచ్చేదంతా బ్యాంకులో కనపడదు, బ్యాంకులు ఇవ్వవు, వీళ్లైతే ఇస్తారు అని ఏజెంటు చెప్పాడు. వడ్డీ 7.99 అన్నాడు. లాగిన్ ఫీజు, అంటే అప్లికేషన్ తీసుకున్నందుకు ఫీజు, జీఎస్టీతో 5,900 కట్టించుకున్నారు, అది తిరిగిరాదని రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది, నేను ఇంటికొచ్చాక చూశాను.

జూలై 11న శాంక్షన్ లెటరు వచ్చింది. అందరూ కంగ్రాట్స్ చెప్పారు. రాత్రి పిల్లాడు పడుకున్నాక వంటింట్లో కూర్చుని ఒక్కో పేజీ చదివాను. వడ్డీ 8.65 అని ఉంది. లోన్ మొత్తం 29 లక్షల 18 వేలు అని ఉంది. మేమడిగింది 28. ఆ లక్షా 18 వేలు ఏంటా అని చూస్తే ఇన్సూరెన్స్, మా ఇద్దరి ప్రాణాల మీద ఒకేసారి కట్టే ప్రీమియం, దాన్ని లోన్‌లో కలిపేశారు. అంటే ఆ ప్రీమియానికి కూడా మేం ఇరవై ఏళ్లు వడ్డీ కట్టాలి. ఫోన్‌లో ఈఎంఐ కాలిక్యులేటర్ పెట్టి రెండు రకాలుగా కొట్టాను, 28 లక్షలకి 24,566, 29 లక్షల 18 వేలకి 25,601. నెలకి 1,035 తేడా, 240 నెలలకి 2 లక్షల 48 వేలు. లక్షా 18 వేల పాలసీ మాకు రెండున్నర లక్షలు పడుతుందన్నమాట. నాకు చేతులు చల్లబడిపోయాయి, ఎందుకంటే ఆ లెటరు మీద అప్పటికే ఒక చోట సంతకం పెట్టేశాను.

ఆ కట్టలోనే కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం ఉంది. ఇది 2024 అక్టోబరు నుంచి రిజర్వ్ బ్యాంక్ తప్పనిసరి చేసింది, ఇలాంటి లోన్ ఎవరిచ్చినా ఇవ్వాల్సిందే. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది, వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, ఇన్సూరెన్స్ అన్నీ కలిపితే నిజంగా మనకి ఏడాదికి ఎంత శాతం పడుతోందో అది చెబుతుంది. మాది 9.40. నోటితో 7.99, లెటరులో 8.65, లెక్క తీస్తే 9.40. మీకు లోన్ లెటరు ఇచ్చినప్పుడు అన్నిటికంటే ముందు ఆ ఒక్క అంకె వెతకండి. ఆ కాగితం మనకి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని, మనకి వివరించాలని కూడా రూల్ ఉంది, కనీసం మూడు పనిదినాలు ఆ కండిషన్లు మారకుండా మన కోసం ఉంచాలి కూడా. "ఇవాళే సంతకం పెట్టకపోతే రేటు పోతుంది మేడమ్" అని ఏజెంటు తొందరపెట్టింది ఉత్తిదే.

మర్నాడు వెళ్లి ఇన్సూరెన్స్ తీసెయ్యమని అడిగాను. కంపల్సరీ అన్నారు. ఏ రూల్లో ఉందో రాసివ్వమన్నాను. రాసివ్వలేదు, తీసేస్తే వడ్డీ పెరుగుతుందన్నారు. ఇంకోటి అడిగాను, రెపో, అంటే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు, తగ్గితే మాకు తగ్గుతుందా అని. 2025లో రిజర్వ్ బ్యాంక్ ఫిబ్రవరి, ఏప్రిల్, జూన్ మూడుసార్లు కలిపి రెపో 6.50 నుంచి 5.50కి తగ్గించింది, పేపర్లన్నీ అదే రాశాయి. వీళ్ల లెటరులో ఫ్లోటింగ్ (మారుతూ ఉండే వడ్డీ) అనే ఉంది కానీ అది వాళ్ల సొంత రిఫరెన్స్ రేటుకి కట్టి ఉంది, దాన్ని ఎప్పుడు తగ్గించాలో వాళ్లిష్టం. బ్యాంకులకైతే 2019 అక్టోబరు నుంచి కొత్త ఫ్లోటింగ్ హోమ్ లోన్లు రెపో లాంటి బయటి రేటుకి కట్టాలి, మూడు నెలలకి ఒకసారైనా మార్చాలి. హౌసింగ్ ఫైనాన్స్ కంపెనీలకి ఆ రూల్ లేదు. ఫ్లోటింగ్ అనే మాట రెండు చోట్లా ఒకటే, లోపల సంగతి వేరు. ఆ 5,900 వదులుకుని బయటికి వచ్చేశాం. బస్సులో మా ఆయన ఒక్క మాట కూడా మాట్లాడలేదు, అడ్వాన్స్ 2 లక్షలు ఏమవుతాయోనని ఇద్దరికీ దిగులు.

జూలై 21 సోమవారం ఒక ప్రభుత్వ బ్యాంకు బ్రాంచికి వెళ్లాం. ఇక్కడ ఏజెంటు లేడు, మనమే తిరగాలి. మూడుసార్లు వెళితే గానీ ఫీల్డ్ ఆఫీసరు దొరకలేదు, కానీ దొరికాక మంచిగా చెప్పారు. రెపో 5.50, దాని మీద మాకు 2.50, మొత్తం 8 శాతం. ఆ పైన వేసే రెండున్నర మాత్రం మామూలుగా మారదు, కింద రెపో మారితే మొత్తం మారుతుంది. సిబిల్ స్కోరు, అంటే పాత అప్పులు ఎలా కట్టామో చెప్పే మార్కు, ఇంకా బాగుంటే వడ్డీ ఇంకొంచెం తగ్గేదట, మా ఆయన ఎప్పుడో వాయిదాల మీద తీసుకున్న ఫోనుకి రెండు ఈఎంఐలు బౌన్సయ్యాయి, అది అక్కడ పట్టుకుంది. పన్నెండు వేల ఫోను ఇరవై ఏళ్ల లోన్ దగ్గర కనపడుతుందని అప్పుడెవరికి తెలుసు.

బ్యాంకు తరఫున వాల్యుయేషన్‌కి ఒక ఇంజినీరు గారు ఆగస్టు 5న వచ్చారు. ఆయన చేసింది నేను పక్కనే ఉండి చూశాను. టేపు పెట్టి కొలిచారు, పంచాయతీ ప్లానుతో సరిచూశారు, ప్లానులో లేని వెనక గది, రేకుల షెడ్డు లెక్కలోకి రావన్నారు. తర్వాత పడగ్గది గోడ దగ్గర వంగి తాళంచెవితో కింద గీకారు, సున్నం పొడిలా రాలింది, కింద ఇటుక ఎర్రగా తడిగా ఉంది. "చుట్టుపక్కల ఉప్పునీటి చెరువులున్నాయా" అని అడిగారు. రెండు వీధుల అవతల ఉన్నాయి. వర్షాలకి నీళ్లు ఎంతవరకు వస్తాయో పక్కింటి మామ్మగారిని అడిగి రాసుకున్నారు. చివరికి 37 లక్షలు వేశారు. మేం కొంటున్నది 40కి, బ్యాంకు చూసేది ఆ రెండిటిలో తక్కువది. 30 లక్షల లోపు లోన్లకి 90 శాతం దాకా ఇవ్వొచ్చు కాబట్టి మా 28కి ఇబ్బంది రాలేదు. అదే మేం 32 అడిగి ఉంటే 80 శాతం లెక్కలోకి వెళ్లి 37 మీద 29 లక్షల 60 వేల దగ్గరే ఆగిపోయేది. ఎక్కువ అడిగితే తక్కువొచ్చే ఈ గీత గురించి ముందే తెలుసుకోండి.

ఆలస్యమంతా లీగల్‌లో అయింది. ఈసీ, అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపించే కాగితం, 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అది పది నిమిషాల పని. కానీ బ్యాంకు లాయరు గారు లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికొచ్చిందో చెప్పే పాత కాగితాలు) చూసి, 1998లో ఓనరు గారి అన్నదమ్ములు పంచుకున్న కాగితం రిజిస్టరు కాలేదు, తెల్లకాగితం మీద పెద్దమనుషుల ఎదుట రాసుకున్నది, కాబట్టి వాళ్ల అక్కగారు కూడా సంతకం పెట్టాలి అన్నారు. అక్కగారు తణుకులో ఉంటారు, తమ్ముడితో మాటల్లేవు. కుటుంబ సభ్యుల సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసుకి, అక్కగారింటికి మూడుసార్లు, ఒకసారి మా అత్తయ్యగారు కూడా వచ్చి ఆవిడతో మాట్లాడారు. ఆరు వారాలు. ఓనరు గారు అగ్రిమెంటు గడువు దాటిపోతోందని ఫోన్ చేసినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు. అక్కగారు సెప్టెంబరు మొదట్లో ఒప్పుకున్నారు, సేల్ డీడ్‌లో ఆవిడ కూడా సంతకం చేసేలా.

సెప్టెంబరు 18న శాంక్షన్. 28 లక్షలు, 8 శాతం, 240 నెలలు, ఈఎంఐ 23,420. ప్రాసెసింగ్ ఫీజు పండగ ఆఫర్‌లో తీసేశారు, లీగల్‌కి, వాల్యుయేషన్‌కి కలిపి 9 వేలు దాటింది. ఇంటికి మాత్రం ఇన్సూరెన్స్ అడిగారు, దాన్ని లోన్‌లో కలపకుండా నగదుగా కట్టేశాం. ఈసారి కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ తెలుగులో అడిగి తీసుకున్నాను, రెండు రోజులు పట్టినా ఇచ్చారు. దానితో పాటు నెలవారీ పట్టిక, ఏ నెల ఎంత వడ్డీకి పోతుంది ఎంత అసలుకి పోతుంది అని. అది నాన్నకి చదివి వినిపించాను. మొదటి నెల 23,420లో వడ్డీకి 18,667, అసలుకి 4,753. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఇరవై ఏళ్లకి మొత్తం కట్టేది 56 లక్షల 20 వేలు. "ముందే ఎక్కువ కడితే ఒప్పుకుంటారా" అన్నారు. ఒప్పుకుంటారు, ఫ్లోటింగ్ హోమ్ లోన్‌కి మనలాంటి వాళ్ల దగ్గర ముందే కట్టినందుకు చార్జీ తీసుకోకూడదు. ఆఫీసరు గారు కంప్యూటర్లో వేసి చూపించారు, మొదటి ఏడాది చివర ఒక్కసారి 50 వేలు కడితే చివర్లో తొమ్మిది వాయిదాలు పోతాయి. నాన్న మొహంలో అప్పుడు వెలుగొచ్చింది.

రిజిస్ట్రేషన్ అక్టోబరు 27 సోమవారానికి పెట్టుకున్నాం. నాలుగో శనివారం సెలవని బ్యాంకు వాళ్లు డీడీ 24 శుక్రవారమే తీసేశారు. ఆదివారానికి మొంథా తుపాను మన వైపే వస్తోందని ఖాయమైంది. ఓనరు గారు హైదరాబాదులో కొడుకు దగ్గర ఉన్నారు, బయలుదేరలేదు. 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ రాత్రి కరెంటు లేదు, అద్దింట్లో కిటికీ తలుపులు తాళ్లతో కట్టుకుని కూర్చున్నాం, నా ఆలోచనంతా ఇంకా మాది కాని ఆ ఇంటి మీదే. పొద్దున్నే మా ఆయన చూసి వచ్చారు, రేకులు రెండు లేచిపోయాయి, కొబ్బరి చెట్టు ఒకటి పడిపోయింది, గోడ వైపు కాకుండా దొడ్లోకి పడింది.

నవంబరు 3, కార్తీక సోమవారం, రిజిస్ట్రేషన్ అయింది. అక్కగారు వచ్చారు, తమ్ముడి పక్కన కూర్చుని వేలిముద్ర వేశారు. బ్యాంకు ఆఫీసరు డీడీ ఓనరు గారి చేతికిచ్చారు. అదే రోజు మా డాక్యుమెంట్లు బ్యాంకులో తనఖా పెట్టినట్టు ఎంఓడీటీ అనే పత్రం కూడా రిజిస్టరు చేశారు, దానికి 17 వేల లోపు అయింది, ఈ ఖర్చు మాకెవ్వరూ ముందు చెప్పలేదు, అక్కడికక్కడ మా ఆయన షాపు డబ్బులు తెప్పించారు.

వారం తర్వాత లోన్ అకౌంటు స్టేట్‌మెంట్ తీసుకున్నాను. అక్టోబరు నెల వడ్డీ 4,909 అని ఉంది. అక్టోబరులో మేం రూపాయి తీసుకోలేదు. డీడీ బ్యాంకు బీరువాలోనే ఉంది. నాన్న ప్రశ్న అప్పుడు గుర్తొచ్చింది, నోటు రాసిన రోజు నుంచా, డబ్బు చేతికొచ్చిన రోజు నుంచా. రోజుకి 613 రూపాయల 70 పైసల చొప్పున 24 నుంచి 2 దాకా పది రోజులు, 6,137. కౌంటర్లో అడిగితే "డీడీ తేదీ నుంచే వేస్తుందండి సిస్టమ్" అన్నారు. కానీ చెక్కు తేదీ నుంచి కాదు, డబ్బు నిజంగా ఇచ్చిన రోజు నుంచే వడ్డీ వేయాలని రిజర్వ్ బ్యాంక్ 2024 ఏప్రిల్ 29న అన్ని బ్యాంకులకి, ఫైనాన్స్ కంపెనీలకి చెప్పింది. ఆ సర్క్యులర్ ప్రింటు తీసి, రిజిస్ట్రేషన్ కాపీ జత చేసి, తెలుగులోనే ఒక పేజీ అర్జీ రాసి ఇచ్చాను, రెండో కాపీ మీద రిసీవ్డ్ ముద్ర వేయించుకున్నాను. అరవడం, గొడవ ఏమీ లేదు. మేనేజరు గారు చదివి పైకి పంపిస్తానన్నారు.

డిసెంబరు 5న మా మొదటి ఈఎంఐ కట్ అయింది, అదే రోజు రిజర్వ్ బ్యాంక్ రెపో ఇంకో పావు తగ్గించి 5.25 చేసింది. 15న బ్యాంకు నుంచి మెసేజ్, మీ వడ్డీ 7.75 అని. ఈఎంఐ తగ్గించుకుంటే 22,987 అయ్యేది, మేం పాతదే ఉంచమన్నాం, అలా అయితే పది నెలలు ముందే తీరిపోతుంది. 18న ఇంకో మెసేజ్, లోన్ అకౌంట్లో 6,137 జమ. నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. "ఇప్పుడు వడ్డీ ఎంతమ్మా" అన్నారు. అరవై నాలుగున్నర పైసలు నాన్నా అన్నాను. ఉండు రాసుకుంటానని లైన్లో ఉంచి, కళ్లజోడు వెతుక్కుని, ధాన్యం లెక్కలు రాసే పుస్తకంలో రాసుకున్నారు. దాళ్వా పంట డబ్బులు రాగానే ఆ యాభై వేలు కట్టేద్దాం, ఏ కౌంటర్లో కట్టాలో కనుక్కుని ఉంచు అన్నారు.